రెండు నూళ్ల బెజ్జం

పెనుకొండ చుట్టుపక్కల కట్టె గురించి తగాదా వస్తే తీర్పు చెప్పేది బుడన్‌సాబే. టేకని చెప్పి ఇంకేదో అంటగట్టారని ఒకడు, తలుపు బిగించిన ఏడాదికే వంకర తిరిగిందని ఇంకొకడు, ఎవడి గోడు వాడు మోసుకొని ఆయన పని పాకకు వచ్చేవాడు. ఆ గోడంతా వినే ఓపిక ఆయనకు లేదు. కట్టెను వేలి కణుపుతో రెండుసార్లు తట్టి, చెవి ఆనించి, ఒక్క మాట చెప్పేవాడు. ఆ మాటకు అప్పీలు లేదు. ఓడిపోయినవాడు కూడా "సాబ్ చెప్పినాడు గదా" అనుకుంటూ చక్కా పోయేవాడు.

ఆ పేరు ఊరికే రాలేదు. తాత దూది ఏకేవాడు. అది గిట్టుబాటు కాక నాయన ఉలి పట్టాడు. పన్నెండో ఏట ఆ ఉలి అందుకున్న బుడన్‌సాబ్ అరవై మూడేళ్లు వచ్చినా కింద పెట్టలేదు. ఆయన చేసేది ముఖ్యంగా ధర్మవరం మగ్గాల పని. మగ్గం కొయ్య అంటే తలుపు చెక్కలాగా కాదు. వెంట్రుకవాసి వంకర ఉన్నా పట్టు పోగు తెగుతుంది. పోగు తెగితే నేసేవాడి నోట మొదట వచ్చేది వడ్రంగి పేరే, అదీ వాళ్లమ్మను కలుపుకొని. యాభై ఏళ్లలో బుడన్‌సాబ్ పేరు అట్లా ఒక్క నోటా రాలేదు. ఆయన గర్వమంతా అదే. పనిమంతుడికి ఆ మాత్రం గర్వం ఉండటంలో తప్పేమీ లేదు. ఆ గర్వాన్ని కాపాడుకోవడానికి ఆయన ఏం చేశాడన్నదే అసలు సంగతి.

పెనుకొండ నుంచి హిందూపురం పోయే దారిలో, ఊరు దాటగానే జయలక్ష్మమ్మ చింతతోపు ఉండేది. ఏడు చెట్లు. మొగుడు పోయాక ఆమె బతుకు ఆ ఏడు చెట్ల మీదే నడిచింది. వాటి కాయ హిందూపురం మార్కెట్టుకు పోతే, ఏడాది పొడుగునా ఆమె ఇంట్లో పొయ్యి వెలిగేది. ఆ తోపులో బయటివాళ్లు ఇద్దరికి హక్కు ఉండేది. కాగితాల మీద రాసుకున్నది కాదు, తండ్రుల నాటి నుంచి మాట మీద నడుస్తున్నది.

ఒకడు ఈరప్ప. ఎండాకాలంలో మేత దొరకని రెండు నెలలు తోపులో కింది కొమ్మలు నరికి మేకలకు వేసుకోవచ్చు. బదులుగా పదిహేను రోజులు మందను ఆ చెట్ల కిందే నిలపాలి. మేకల పెంటే చెట్లకు ఎరువు. రెండోవాడు బుడన్‌సాబ్. కొత్త కట్టెను ఎండలో పెడితే బీటలిస్తుంది, ఇంట్లో పెడితే బూజు పడుతుంది, బతికున్న చెట్టు నీడన మొదలుకు ఆనించి ఒక వానాకాలమంతా నిలబెడితేనే అది దారికొస్తుందని ఆయన నాయన నేర్పాడు. అందుకని ఏటా తెచ్చిన కట్టెను ఆ తోపులో నిలబెట్టేవాడు. బదులుగా కార్తీకంలో, చింతకాయ తొక్కు దంచే వేళకు, జయలక్ష్మమ్మకు ఒక కొత్త రోకలి చేసివ్వాలి. ఏటా ఒక రోకలి ఏం చేసుకోవాలో తెలియక ఆమె ఇరుగుపొరుగుకు పంచేది. వద్దని మాత్రం ఎన్నడూ అనలేదు. మర్యాద మర్యాదే.

మూడేళ్ల కిందట ధర్మవరంలో మనోహర్ అనే ఆసామి ఒకేసారి ఎనిమిది మగ్గాలు చేసిపెట్టమన్నాడు. అంత పెద్ద పని ఆయనకు ఎప్పుడూ రాలేదు. మంచి కట్టె కోసం తిరుగుతుంటే హిందూపురంలో పాత సామాన్లు కొనే గుజిరీ అంగడివాడు లోపలికి పిలిచి, పై దేశం నుంచి ఏవో యంత్రాలు వచ్చిన పెట్టెలు విప్పి చూపించాడు. ఓక్ అంట, అక్కడివాళ్లకు టేకు లాంటిదంట అన్నాడు. బుడన్‌సాబ్ తట్టి చూశాడు. కంచులాగా మోగింది. యాభై ఏళ్లుగా వేప, తుమ్మ, మద్ది తట్టిన వేలికి అది కొత్త చప్పుడు. మనిషి ఆ చప్పుడుకే పడిపోయాడు.

పలకలన్నిటి మీదా గోధుమ వెన్ను బొమ్మతో ఒక ముద్ర కాల్చి ఉంది. పెట్టెల అడుగున మోతకు పెట్టిన నాలుగు లావు దూలాలకు మాత్రం ఆ ముద్ర లేదు. ఒక పక్క బెరడు కూడా ఒలవకుండా అట్లాగే వదిలేశారు. గుజిరీ అంగడివాడు వాటిని పొయ్యిలోకి పనికొస్తాయని పక్కన పడేశాడు. బుడన్‌సాబే పట్టుబట్టి అడిగి మరీ బండికెత్తించాడు. అంత లావు కొయ్యను పొయ్యిలో పెట్టేవాడికి బుద్ధి లేదని దారి పొడుగునా బండివాడితో చెప్పుకొచ్చాడు.

ఇంటికొచ్చాక మొదట చేసిన పని ఏమిటంటే, చిత్రిక పట్టి ఆ ముద్రలన్నీ లేపేయడం. ప్యాకింగు పెట్టెల చెక్క అని మనోహర్‌కు తెలియడం ఆయనకు ఇష్టం లేదు. ఫారిన్ ఓక్ ప్రత్యేకంగా తెప్పించినానని చెప్పాడు. ఆ మాటలో అబద్ధం ఎంతో ఆయనకు తెలుసు గానీ, మగ్గం నిలబడితే చాలు, కట్టె ఏ పెట్టెలో వచ్చిందో ఎవడికి కావాలి అనుకున్నాడు. పలకలతో మగ్గాలకు కావలసిన సన్న పని మొదలుపెట్టి, దూలాలు నాలుగింటినీ తోపుకు తోలాడు. రెండింటిని దారి పక్కనున్న మొదటి చెట్టుకు, రెండింటిని నడుమనున్న పెద్దచింతకు ఆనించి నిలబెట్టాడు.

ఆ వానాకాలంలో దూలాల కింద తెల్లటి పిండి రాలడం ఆయన చూశాడు. చూసి, పుచ్చు పట్టిందే అని విసుక్కున్నాడు, అంతే. పుచ్చు పురుగు సంగతి ఏ వడ్రంగిని అడిగినా చెబుతాడు: అది ఎండిన కట్టెను తింటుంది, పసరు కారే బతికున్న చెట్టు జోలికి పోదు. వాళ్ల నాయన చెప్పిందీ అదే, ఆయన యాభై ఏళ్లుగా చూసిందీ అదే. ఆ ధైర్యంతోనే దూలాలను అక్కడే ఉంచాడు. ఏమీ తెలియనివాడైతే పురుగు పట్టిన కట్టెను చెట్టుకు ఆనించడానికి జంకేవాడేమో. తెలిసినవాడు కాబట్టి జంకలేదు. కార్తీకం రాగానే ఒక దూలం కొస, పిండి రాలని వైపు చూసి, కోసి రోకలి చేశాడు. బరువుగా, నున్నగా, ముద్దొచ్చేటట్టు కుదిరింది. అది జయలక్ష్మమ్మకు ఎంత నచ్చిందంటే, మొదటిసారి ఎవరికీ ఇవ్వకుండా తన ఇంట్లోనే ఉంచుకుంది.

మరుసటి ఎండాకాలం మొదటి చెట్టు చిగురు వేయలేదు. జయలక్ష్మమ్మ కబురు పెడితే బుడన్‌సాబ్ పోయి చూశాడు. చెట్టు మొదలు చుట్టూ గుండ్రటి బెజ్జాలు, వాటి కింద అదే తెల్లటి పిండి. నీళ్లు పట్టించమని ఏదో చెప్పి ఆమెను ఇంటికి పంపాక, సంచిలోంచి బెజ్జాలు వేసే బర్మా తీసి, దాని రెండు నూళ్ల పుల్ల, అంటే పావు అంగుళం మందం ఉన్నది, చెట్టు బెజ్జంలో పెట్టాడు. సరిగ్గా దిగింది. దూలం బెజ్జంలో పెట్టాడు. అక్కడా అంతే సరిగ్గా దిగింది. ఊళ్లోని పుచ్చు పురుగు ఏనాడూ అర నూలుకు మించి తొలచలేదు. ఇది వేరే పురుగు. అది తన దూలాల్లోంచి వచ్చి చెట్టులోకి పోయింది. బుడన్‌సాబ్ బర్మా సంచిలో వేసుకున్నాడు. ఎండలో అట్లాగే చాలాసేపు కూర్చున్నాడు.

ఆ పూటే పోయి జయలక్ష్మమ్మకు ఆ మాట చెప్పి ఉంటే ఒకటి రెండు చెట్లతో పోయేది. చెప్పాలనే లేచాడు కూడా. దారిలో మనోహర్ గుర్తొచ్చాడు. మగ్గాలు అప్పటికే బిగించి, పోగు పోసి, నేత సాగుతోంది. పురుగు సంగతి బయటపడితే పెట్టెల సంగతి బయటపడుతుంది. బుడన్‌సాబ్ పుచ్చు కట్టెతో మగ్గం చేశాడన్న మాట ధర్మవరం వీధుల్లో ఒక్క పూటలో చుట్టి వస్తుంది. ముద్రలున్న పలకల్లో పురుగు లేదని ఆయన వెయ్యిసార్లు తట్టి చూసుకున్నాడు, కానీ అది ఎవడు వింటాడు? ఆ ఆలోచనతో జయలక్ష్మమ్మ ఇల్లు దాటి తన ఇంటికి పోయాడు.

మర్నాడు దూలాలు తెప్పించి ముక్కలు కొట్టి నీళ్లపొయ్యిలో పెడుతుంటే భార్య ఖైరున్‌బీ వచ్చి నిలబడింది. మగ్గాలకని తెచ్చిన కొయ్య పొయ్యిలోకెందుకని అడిగింది. పుచ్చినాయన్నాడు. ఆమె కదల్లేదు.

"పుచ్చిన ముక్క దొరికితే ఊళ్లో అందరికీ చూపించి పాఠం చెప్తావే, ఇవి ఎవరికీ చూపించవా?" అంది.

ఆయన ఊదుగొట్టం తీసుకొని పొయ్యి ఊదాడు. ఆ పొగలో ఆమె ముఖం కనిపించకపోవడం ఆయనకు మేలే అయింది. నాలుగు దూలాలూ బూడిదైపోయాయి, ఇక పీడ విరగడైందనుకున్నాడు. ఏటా ఇచ్చే రోకలి, నిరుడు ఆ దూలం కొసతోనే చేసినది, ఆయన లెక్కలోకి రానే లేదు. అది మనం మొక్కుబడిగా చేసే పనుల్లో ఒకటి, చేశాక గుర్తుండదు.

వానలు పడేసరికి మూడు చెట్లు ఎండిపోయాయి. పంచాయతీ ఆఫీసు వరండాలో జనం చేరారు. చింతపండు వ్యాపారం చేసే గురుమూర్తి పెద్దరికం తీసుకున్నాడు. తోపు పోతే తనకూ సరుకు తగ్గుతుంది, అందుకే ఆ రోజు ఆయన గొంతు కొంచెం పెద్దదిగానే ఉంది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ మాట ఈరప్ప మీదికి మళ్లింది. ఏటా కొమ్మలు నరికేది వాడే కదా, ఆ గాయాల్లోంచే పురుగు దూరి ఉంటుందన్నారు. మేకల నోరు మంచిది కాదని ఒకరు, వాడి కత్తి తుప్పుదని ఒకరు. అన్నేళ్లు ఆ మేకల పెంటతోనే చెట్లు కాశాయన్న సంగతి అక్కడ ఒక్కరికీ గుర్తు రాలేదు. చివరికి గురుమూర్తి బుడన్‌సాబ్ వైపు తిరిగి, మనకెందుకీ వాదన, కట్టె సంగతి తెలిసిన మనిషి ఈడనే ఉండాడు కదా, సాబ్‌ను చెప్పమనండి అన్నాడు.

వరండాలో అందరి తలలూ ఆయన వైపు తిరిగాయి. ఈరప్ప కూడా తల ఎత్తి చూశాడు. ఆయన చూపులో భయం లేదు. ఇక తన మీద నింద తొలగిపోతుందన్నట్టు చూశాడు. బుడన్‌సాబ్ గొంతు సవరించుకున్నాడు.

"పచ్చి కొమ్మ నరికిన చోట తేమ నిలిస్తే పురుగు పడుతాది," అన్నాడు. "అది మాత్రం నిజం."

అది నిజమే. ఏ చెట్టు విషయంలోనైనా నిజమే. ఆ ఏడు చెట్ల విషయంలో మాత్రం అంతకన్నా పెద్ద అబద్ధం లేదు. అబద్ధమే ఆడి ఉంటే ఎప్పుడో ఒకప్పుడు పట్టుబడేవాడు. నిజం చెప్పి ఒక మనిషి గొంతు కోసినవాణ్ని ఎవరు పట్టుకుంటారు?

"అంతేనా, సాబ్?" అని అడిగాడు ఈరప్ప.

బుడన్‌సాబ్ చేతిలోని తువ్వాలును మడతపెట్టి భుజాన వేసుకున్నాడు. అంతే అన్నట్టు తలూపాడు. ఆ రోజుతో తోపులో ఈరప్ప హక్కు పోయింది. ఆ ఊళ్లో పేరు చెడితే చుట్టుపక్కల ఏ తోపువాడు మందను రానిస్తాడు? మేత లేక నలభై మేకలూ ఒక్కొక్కటే పరిగి సంతకు పోయాయి. దసరా దాటేసరికి ఈరప్ప భార్యను తీసుకొని హిందూపురం పోయి మార్కెట్టులో మూటలు మోసే పనికి చేరాడని తెలిసింది. ఖైరున్‌బీ ఆ సంగతి చెప్పి, ఇప్పటికైనా పోయి చెప్పమంది. రెండోసారి చెప్పింది. మూడోసారి చెప్పలేదు. కంచంలో అన్నం పెట్టి, ఎదురుగా కూర్చోకుండా లోపలికి పోవడం మొదలుపెట్టింది.

కార్తీకం దాటాక పుట్టపర్తి వైపు నుంచి చెట్ల తెగుళ్లు చూసే ఆఫీసరమ్మ వచ్చింది. పేరు హారిక. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. ఎండిన మొదలును చీల్పించి, లోపలి నుంచి వేలంత పొడుగు పురుగును పట్టకారుతో తీసి సీసాలో వేసింది. ఇది మన దేశపు పురుగు కాదని చెప్పింది. చల్లటి దేశాల్లో ఓక్ చెట్లను అడవులకు అడవులే తినేసిందనీ, మోపు చేసిన కట్టెలో దాక్కొని ఓడలెక్కి వస్తుందనీ, కొత్త దేశంలో ఓక్ దొరక్కపోతే దొరికిన చెట్టులో దూరుతుందనీ చెప్పింది. అందుకే పై దేశాల పెట్టెల చెక్కను వేడిలో కాచి, గోధుమ వెన్ను బొమ్మతో ముద్ర వేసి పంపుతారట. ముద్ర లేకుండా బెరడుతో వచ్చిన కట్టెలో పురుగు నిక్షేపంగా బతికి ఉంటుందట.

ఆ బొమ్మను తన చిత్రికతో తానే లేపిన బుడన్‌సాబ్ గుంపులో వెనక నిలబడి విన్నాడు. ఊరి జనం ఆయన్ను ముందుకు తోశారు. కట్టె సంగతి అడగాలంటే ఈయన్నే అడగాలని ఆమెకు చెప్పారు.

"ఇక్కడికి ఎవరైనా బయటి దేశం కట్టె తెచ్చారా, పెద్దాయనా?" అని ఆమె అడిగింది. "మొదట ఏ చెట్టుకు తగిలిందో తెలిస్తే దాని చుట్టుపక్కలవి పచ్చగా ఉన్నా ఇప్పుడే కొట్టేయొచ్చు. మిగిలినవైనా దక్కుతాయి."

బుడన్‌సాబ్ పెద్దచింత వైపు చూశాడు. రెండు దూలాలు దానికే ఆనించాడు. పైకి నిండుగా, పచ్చగా ఉంది. దాన్నొక్కదాన్ని కొట్టమంటే మిగిలిన మూడూ బతుకుతాయి. చెప్పడానికి రెండు మాటలు చాలు.

"నాకు తెలిసి లేదు మేడం. ఈ చుట్టుపక్కల కట్టె దిగితే నాకు తెలియకుండా పోదు," అన్నాడు.

ఆమె రాసుకుంది. ఎండిన మూడు చెట్లను కొట్టించి, అక్కడే గుంట తీయించి కాల్పించి, మిగిలిన నాలుగింటిని చూస్తూ ఉండమని చెప్పి పోయింది. పోతూ పోతూ ఇందులో మేకల తప్పు, కొమ్మలు నరికినవాడి తప్పు ఏమీ లేదని కూడా అందరి ముందూ చెప్పింది. జీపు కదలగానే గురుమూర్తి నవ్వాడు. పురుగు ఏ దేశందైతేనేం, దూరింది మాత్రం నరికిన గాయాల్లోంచే కదా, ఆ సంగతి మన సాబ్ అప్పుడే చెప్పినాడు కదా అన్నాడు. అందరూ ఔనన్నారు. సీసాలో పురుగును పట్టి చూపించిన మనిషి మాట కంటే బుడన్‌సాబ్ మాటే వాళ్లకు ఎక్కువైంది. జన్మంతా ఆయన కోరుకున్న గౌరవం అదే. ఆ రోజు అది విని ఆయన తువ్వాలు దులుపుకొని ఇంటిదారి పట్టాడు.

ఆ తర్వాతి ఎండాకాలం పెద్దచింత ఆకు రాల్చింది. దాని వెంటే మిగిలిన మూడూ పోయాయి. తోపు ఉన్న చోట ఇప్పుడు ఏడు నల్లటి గుంటలు ఉన్నాయి, బస్సులో పోయేవాళ్లకు దారి మీది నుంచే కనిపిస్తాయి. జయలక్ష్మమ్మ అరవయ్యో ఏట కూలికి పోవడం మొదలుపెట్టింది. వేరేవాళ్ల చింతకాయను కూర్చొని కొట్టి, గింజ తీసే కూలి. ధర్మవరంలో ఎనిమిది మగ్గాలు మాత్రం ఇప్పటికీ నిక్షేపంగా ఆడుతున్నాయి, ఒక్క పోగు తెగలేదు. మనోహర్ ఇంకో నాలుగు చేసిపెట్టమని మనిషిని పంపితే, కళ్లు సరిగా కనిపించడం లేదని బుడన్‌సాబ్ సాకు చెప్పి పంపేశాడు.

మొన్న కార్తీకంలో ఒక పొద్దున జయలక్ష్మమ్మ ఆయన పాకకు వచ్చింది. చేతిలో ఆ దూలం కొసతో చేసిన రోకలి. రెండేళ్లుగా సరిపడా కాయ లేదు, తొక్కు లేదు, దంచే పని లేదు. వంటింటి మూల నిలబెట్టిన రోకలి నిలబెట్టినట్టే ఉండిపోయింది. నిన్న మూల ఊడుస్తుంటే దాని కింద ఇంత పిండి కనిపించిందట. ఆమె రోకలిని తిప్పి చూపించింది. నడుమ ఒక గుండ్రటి బెజ్జం. బర్మా పెట్టి చూడాల్సిన పని బుడన్‌సాబ్‌కు లేకపోయింది.

"ఈ కట్టె మా తోపుది కాదు గదా, బుడన్నా?" అని అడిగింది.

"కాదమ్మా," అన్నాడు.

"మరి ఈరప్ప మేకలు దీన్ని యాడ మేసినాయి?"

ఆమె గొంతు పెంచలేదు. ఆమె రోకలిని గోడకు ఆనించి, కొంగు సర్దుకొని, కూలికి పొద్దుపోతోందని వెళ్లిపోయింది. ఖైరున్‌బీ గుమ్మంలో నిలబడి అంతా విన్నది. ఆయనకు ఆ ఇంట్లో, ఆ పాకలో కూర్చోవడానికి చోటు లేనట్టయింది. చొక్కా వేసుకొని హిందూపురం బస్సెక్కాడు.

మార్కెట్టులో ఈరప్పను కనుక్కోవడం కష్టం కాలేదు. చింతపండు మూటల వరసలో, తలకు గుడ్డ చుట్టుకొని, చేతిలో కొక్కెంతో ఉన్నాడు. మేకల వెంట తిరిగినప్పుడు నిటారుగా ఉండే మనిషి ఒక పక్కకు ఒరిగిపోయాడు. బుడన్‌సాబ్‌ను చూసి ఊళ్లో ఎవరికన్నా బాగలేదా అని కంగారుగా అడిగాడు. అందరూ బాగున్నారని చెప్పి, ఆయన్ను పక్కకు పిలిచి, బుడన్‌సాబ్ మొత్తం చెప్పేశాడు. పెట్టెలు, ముద్ర, దూలాలు, బర్మా, నీళ్లపొయ్యి, రోకలి, ఏదీ దాచలేదు. చెబుతూ చెబుతూ ఏడ్చాడు కూడా. ఈరప్ప తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు.

"నాకు తెలుసు సాబ్," అన్నాడు.

బుడన్‌సాబ్ నమ్మలేనట్టు చూశాడు.

"నీ దూలాల కింద పిండి మొదట చూసింది నా మేకలే. ఉప్పనుకొని నాకేకి పోతే నేనే అదిలిస్తి. ఆ బెజ్జాలు, చెట్టు బెజ్జాలు ఒకటేనని తెలుసుకునేకి బర్మా కావల్నా?"

"మరి పంచాయతీలో ఏంటికి చెప్పలేదబ్బా?"

"మేకలోడు చెప్తే ఎవరు నమ్ముతారు? కట్టె మాట నీ నోట్నుంచే రావల్ల. అందుకే అడిగితి గదా, అంతేనా సాబ్ అని."

బుడన్‌సాబ్ ఆయన చేయి పట్టుకోబోయాడు. ఈరప్ప వెనక్కి లాక్కోలేదు, ముందుకూ చాపలేదు. ఒక్క సంగతి మాత్రం అడిగాడు.

"ఈ మాట ఊళ్లో చెప్పినావా?"

"లేదు. ముందు నీకు చెప్పి..."

"నాకు తెలిసిన మాట నాకు చెప్పేకి బస్సెక్కి ఇంత దూరం వచ్చినావా, సాబ్?"

మేస్త్రీ కేక వేశాడు. ఈరప్ప తలగుడ్డ చుట్టుకొని, మూటకు కొక్కెం తగిలించి, వీపు మీదికి ఎత్తుకొని పోయాడు. మళ్లీ ఇటు తిరిగి చూడలేదు.

తిరుగు బస్సులో బుడన్‌సాబ్ ఆ మాటను లోలోపల పదిసార్లు అనుకున్నాడు. ఈరప్ప తప్పు లేదు, ఆ పురుగు నా కట్టెలోనే వచ్చింది. చిన్న మాట. బస్సు దిగగానే అనేయొచ్చు. ఏడు గుంటలూ కిటికీ పక్కగా వెనక్కి పోయాయి. స్టాండు దగ్గర టీ అంగడి ముందు గురుమూర్తి, మరో నలుగురూ కూర్చొని ఉన్నారు. బుడన్‌సాబ్ నేరుగా వాళ్ల దగ్గరికే నడిచాడు. వాళ్లు జరిగి బెంచీ మీద నడుమ చోటిచ్చారు. యాడికి పోయింటివి సాబ్ అని గురుమూర్తి అడిగాడు.

"హిందూపురానికి," అన్నాడు బుడన్‌సాబ్. ఇంకో మాట కోసం గొంతులో వెతుక్కున్నాడు. అందరూ ఆయన వైపే చూస్తున్నారు, అలవాటైన ఆ గౌరవంతో, ఆయన ఏది చెప్పినా నమ్మడానికి సిద్ధంగా.

"కట్టె చూసేకి," అన్నాడు.

సమయానికే వచ్చినావని ఒకడు కొత్త మంచం కోడు తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. వేపంటాడు అమ్మినవాడు, తుమ్మంటాడు కొన్నవాడి బావ, పొద్దున్నుంచి తెగడం లేదట. బుడన్‌సాబ్ దాన్ని వేలి కణుపుతో రెండుసార్లు తట్టి, చెవికి ఆనించుకున్నాడు. బెంచీ మీద అందరూ ముందుకు వంగారు.

"తుమ్మ," అన్నాడు.

ఎవరూ ఎదురు చెప్పలేదు. మొదటి టీ గ్లాసు ఆయనకే ఇచ్చారు.